చెవి అందని పిల్ల

పిల్లను ఒక్కసారి చూస్తే బడికి ఈడొచ్చిందో లేదో చెప్పేస్తానని ఒకప్పుడు నాకు మహా గర్వం. ఆ గర్వం దించింది ఒక ఐదేళ్ళ పిల్ల.

ములకలపల్లి దాటి అడవి దారిన నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే తండాలో మా బడి. అక్కడ నేను శిశు తరగతి టీచర్ని. 1986 జూన్ సంగతి. పుట్టిన తేదీలు తండాలో ఎవరూ రాసిపెట్టుకోరు. "వానలప్పుడు పుట్టింది" అంటారు. ఏ వానలని అడగను? అందుకని చెవి పరీక్ష పెట్టేదాన్ని. కుడి చెయ్యి నడినెత్తి మీదుగా తీసుకెళ్ళి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే పేరు రాసుకోవడం, అందకపోతే వచ్చే ఏడు రమ్మనడం.

హేమ్లి తన కూతురు గోరిని తీసుకొచ్చేసరికి నా గదిలో అప్పటికే యాభై ముగ్గురు. పైన రేకులు, లోపల ఉక్క, పొద్దుటినుంచి తలనొప్పి. ఇంకొక్కరు ఎక్కువైతే నేనే బడి మానేసేలా ఉన్నాను.

గోరి నెత్తి మీద పెద్ద జుట్టు ముడి ఉంది. పుట్టు వెంట్రుకలు కురవి జాతరలో తీయిస్తామని మొక్కుకున్నారట. ఇంట్లో వరసగా చావులొచ్చి జాతరలు తప్పిపోయాయి. తీయించేదాకా కత్తెర తగలకూడదు, దువ్వెన పెట్టకూడదు. ఐదేళ్ళ జుట్టు జడలు కట్టి, ఎర్రగుడ్డ చుట్టుకుని, నడినెత్తిన కొబ్బరికాయంత అయి కూర్చుంది.

గోరి చెయ్యెత్తింది. ఆ ముడి మీదుగా చెయ్యి పోయి, చెవికి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. నాలుక బయటపెట్టి, మునివేళ్ళ మీద లేచి మరీ సాగదీసింది. మునివేళ్ళ మీద లేస్తే చెయ్యి పొడుగవుతుందా, పిచ్చిపిల్ల.

"ముడి అడ్డమొస్తాంది టీచరమ్మా," అంది హేమ్లి. "అది లేకుంటే అందుతది."

"అయితే విప్పు."

"మొక్కు జుట్టు. జాతర దాక విప్పొద్దు."

"మరి నన్నేం చేయమంటావు? అందరికీ ఒకటే లెక్క. వచ్చే ఏడు చూద్దాం, తీసుకుపో."

ఒకటే లెక్కట! వారం కిందటే చెంచురామయ్యగారి మనవణ్ణి చేర్చుకున్నాను. మా గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ పొలాలు కొన్న ఆసామి ఆయన. ఆ పిల్లాడి చెయ్యి చెవి దరిదాపులకు కూడా రాలేదు. ముద్దుగా ఉన్నాడని పేరు రాసేసుకున్నాను.

హేమ్లి కదల్లేదు. కడుపు మీద చెయ్యేసుకుంది. ఆరో నెల.

"ఈ ఏడు గాకుంటే ఇంకెప్పుడు గాదు టీచరమ్మా. దసరాకు నేను కంట. నేను కూలికి పోతే ఆ బిడ్డను ఎవలెత్తుకుంటరు? ఇదే ఎత్తుకోవాలె. బడిల పేరుంటే, పేరున్నదని దీని నాయినతోని కొట్లాడుత. పేరే లేకుంటే ఏమని కొట్లాడాలె?"

నేను రిజిస్టర్‌లో ఏదో రాస్తున్నట్టు తల దించుకున్నాను. గోరి చెయ్యి ఇంకా నెత్తి మీదే ఉంది. తల్లే దాన్ని కిందికి దించి, పిల్లను తీసుకుపోయింది.

శివరాత్రికి కురవి జాతర అయిన మూడో రోజున గోరి మళ్ళీ కనబడింది. బడి దడి అవతల నిలబడి ఉంది. గుండు, గుండు నిండా గంధం. చంకలో ఐదు నెలలు నిండని తమ్ముడు, లాలు. "టీచర్" అని పిలిచి, ఖాళీగా ఉన్న కుడి చెయ్యి నెత్తి మీదుగా తీసుకెళ్ళి ఎడమ చెవి పట్టుకుంది. చెవి తమ్మె దాకా అందాయి వేళ్ళు. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

ఎనిమిది నెలల్లో చెయ్యి అంత పెరగదు. జూన్‌లోనే అందేది. తల్లి చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

ఆ మధ్యాహ్నమే హేమ్లిని వెతుక్కుంటూ పోయాను. మిరప చేలో కాయ కోస్తోంది.

"రేపటి నుంచి గోరిని పంపించు హేమ్లీ. పేరు రాసుకుంటాను."

"మరి బిడ్డ?"

"వాణ్ణి కూడా తెచ్చుకోమను."

"నీ ఇష్టం టీచరమ్మా," అంది, కోత ఆపకుండానే. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమెకు నా మీద కోపం కూడా మిగల్లేదు.

గోరి మూడు రోజులు వచ్చింది. మొదటి రోజు లాలు ఏడుపుకి ఎవరికీ పాఠం వినబడలేదు. రెండో రోజు వాడు పలకలన్నీ తడిపాడు. మూడో రోజు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. "వాణ్ణి కాసేపు బయట ఆడించు గోరీ" అన్నాను. వెళ్ళింది. హడావుడిలో మళ్ళీ లోపలికి పిలవడం మరిచిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మరిచిపోయాను. నాలుగో రోజు ఇక రాలేదు. నేను మరో రెండుసార్లు చేనుకి పోయాను. హేమ్లి తలెత్తలేదు.

మళ్ళీ జూన్ వచ్చింది. బడి ముందు తల్లులు, పిల్లలు, చెవి పరీక్ష. మధ్యలో దడి అవతలికి చూశాను. ఇప్పచెట్టు కింద గోరి, చేతిలో పుల్ల, ఎదురుగా తండాలోని పసివాళ్ళు ఐదారుగురు. అందరికంటే ముందు లాలు. వాడికింకా నిలబడటం రాదు. నేల మీద కూర్చోబెట్టి, వాడి కుడి చెయ్యి పట్టుకుని నెత్తి మీదుగా లాగుతోంది. నడినెత్తి దాకా కూడా రాలేదది. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

గోరి తల అడ్డంగా ఊపింది, అచ్చం నాలాగే. తెలుగు సరిగ్గా రాని ఆ పిల్ల నోట ఒక్క అక్షరం పొల్లుపోకుండా నా మాటే వచ్చింది.

"అందరికీ ఒకటే లెక్క. వచ్చే ఏడు చూద్దాం, తీసుకుపో."

అని, తనే వాణ్ణి చంకనేసుకుని తీసుకుపోయింది.