పంపుసెట్టు స్ప్రింగులు

మా నాయన రామచంద్రకు ఇంజన్ల గురించి తెలియనిది ఒక్కటే, తనకు తెలియనిది కూడా ఏదో ఉంటుందని. ఆ మాట ఎవరైనా అంటే ఇల్లు ఎగిరిపోతుంది. నాకు ఆయన ముక్కు రాలేదు గానీ ఆయన కోపం మాత్రం పైసా తగ్గకుండా వచ్చింది. కాబట్టి మేమిద్దరం ఒకే షెడ్డులో పనిచేస్తుంటే అమ్మ రేడియో సౌండు పెంచుకుంటుంది.

కుందారపల్లిలో మా మామిడితోట పక్కన ఉన్న ఆ షెడ్డులో ఒక పాత అంబాసిడర్ ఉంది. తాత కొన్నది, అరవై రెండు మోడలు. పదకొండేళ్ల కిందట సామల్పట్టిలో అమ్మమ్మకు బాగా లేదని కబురొస్తే నాయన అమ్మను అందులోనే ఎక్కించుకుని బయలుదేరాడు. మత్తూరు దాటాక మెరక మీద ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎలాగో బాగు చేసుకుని వీళ్లు ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మకు తన తల్లి కడసారి చూపు దక్కలేదు. ఆ రోజు నుంచి అమ్మ ఆ కారెక్కలేదు, దాని పేరెత్తలేదు. నాయన దాని మీద టార్పాలిన్ కప్పేశాడు. ఎవరైనా అడిగితే "పెట్రోల్లో నీళ్లు కలిసినాయి" అని చెప్పేవాడు.

ఈ ఏడు మామిడి కోతలు ముగిశాక ఆయనే టార్పాలిన్ లాగేశాడు.

"రక్షితా, ఇంజన్ దించుదాం. మీ అమ్మను దీంట్లో ఒక్కతూరి సామల్పట్టికి తీసకపోవాల. అంతవరకూ నా మనసు కుదురుగా ఉండదు" అన్నాడు.

మా నాయన నోటి నుంచి మనసు అనే మాట నేను వినడం అదే మొదటిసారి. నేను హోసూరులో ఒక స్ప్రింగుల ఫ్యాక్టరీలో పరీక్ష విభాగంలో పనిచేస్తాను. నా ఆదివారాలన్నీ నీకే పో అన్నాను.

పని బాగానే సాగింది. పిస్టన్లు మార్చాం, వాల్వులు అరగదీసి కూర్చాం. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ పాతది పనికిరాదని తేలితే, కొత్తదాని కోసం ఊళ్లన్నీ గాలించాం. చివరికి ఒకే ఒక్కటి దొరికింది. ఇది పోతే ఇంకోటి లేదు. ఇక మిగిలింది వాల్వు స్ప్రింగులు. క్యామ్ మీది గుబ్బ వాల్వును తెరుస్తుంది, స్ప్రింగు దాన్ని మూస్తుంది. ఇంతే దాని ఉద్యోగం. ఈ ఇంతే దగ్గరే మాకు చెడింది.

నాయన ఒక పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇవి వేస్తాం. పంపుసెట్టు ఇంజనువి. పోయినతూరి ఇంజను విప్పినప్పుడు కూడా ఇట్లాంటివే వేసినాను. అదే సైజు, తీగె చూడు ఎంత లావుగా ఉండాదో!"

మా చుట్టుపక్కల రైతులకు బావి మీద ఆడిన ఆయిల్ ఇంజన్ మీద ఉన్న నమ్మకం సొంత అన్నదమ్ముల మీద ఉండదు. దాని సామాను దేనికి తగిలించినా పనిచేస్తుందనుకుంటారు. నాయన ఒక స్ప్రింగును తీసుకుని, కాయ పండిందో లేదో చూసినట్టు బొటనవేలితో నొక్కి, లొంగలేదని మురిసిపోయాడు.

నేను వేలిని నమ్మను. మామిడికాయలు తూచే కాటాను డ్రిల్లింగ్ మెషీన్ కిందికి జరిపాను. స్ప్రింగును కాటా మీద నిలబెట్టి, వాల్వు మూసుకున్నప్పుడు అది ఎంత పొట్టిగా ఉంటుందో మెషీన్ పిడి దించి అంతవరకు నొక్కాను. పంపుసెట్టు స్ప్రింగు కారు పుస్తకంలో చెప్పిన బరువుకు దాదాపు రెట్టింపు చూపించింది. వాల్వు తెరిచినంత మేర నొక్కితే చుట్లు ఒకదానికొకటి తగిలేలా ఉన్నాయి. నాయన కాటాది తప్పన్నాడు. ఇదే కాటాతో మండీ వాళ్లతో కొట్లాడింది ఎవరని అడిగాను.

ఆయన భోజనానికి పోయాక మూలన పడేసిన పాత క్యామ్ షాఫ్ట్‌ను గుడ్డతో తుడిచాను. ఎత్తుగా ఉండాల్సిన గుబ్బల్లో రెండు అరిగి చదునైపోయాయి. పెట్రోలూ కాదు, నీళ్లూ కాదు. ఆ రోజు అమ్మను దారిలో నిలబెట్టింది ఈ గట్టి స్ప్రింగులే, అంటే నాయన చెయ్యే. చెబితే ఆయన ఏమైపోతాడో తెలియదు. చెప్పకపోతే ఉన్న ఒక్క క్యామూ అరిగిపోతుంది, అమ్మ మళ్లీ దారిలో నిలబడుతుంది. వారమంతా ఆ మాటను మింగుకుని తిరిగాను.

మరుసటి ఆదివారం నాయన ఆ పొట్లం విప్పుతుంటే ఇక ఆగలేదు.

"ఆపు నాయనా. ఆ పొద్దు పెట్రోల్లో నీళ్లు లేవు. ఇవే క్యామును తినేసినాయి." ఆయన వేలు పట్టుకుని అరిగిన గుబ్బ మీద పెట్టాను. "ఇది కోడిగుడ్డు కొన మాదిరి ఉండాల. స్ప్రింగు అంత బిగువుగా ఉంటే గుబ్బ రుద్దుకొని రుద్దుకొని అరిగిపోతాది. వాల్వు తెరుచుకోదు. ఇంజనుకు గాలి యాడ నుంచి వస్తాది?"

"గట్టిది మేలు కదమ్మా?"

"దీనికి కాదు. దీని వాల్వులు చిన్నవి, తేలికవి. వాల్వు వెనక్కి వచ్చి మూసుకునేంత బలం చాలు."

"నాకు నేర్పిస్తావా నువ్వు?" అని స్పానరు విసిరికొట్టి తోటలోకి వెళ్లిపోయాడు.

నేను ఆగలేదు. కారుతో వచ్చిన తొలి స్ప్రింగులు షెడ్డులోనే ఉన్నా అలిసిపోయి మెత్తబడ్డాయి, వాటినీ పక్కన పెట్టాను. కొత్తగా తెప్పించిన వాటిని ఒక్కొక్కటే కాటా మీద నొక్కి, పుస్తకం చెప్పినంత బరువుకు ఎనిమిదీ సమానంగా నిలిచేదాకా ఏరాను. మొదటిది బిగించబోతుండగా వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి వాల్వును పట్టుకుంది. నాయన పట్టుకుంటే నేను బిగిస్తూ ఎనిమిదీ పూర్తి చేశాం.

"మీ అమ్మకు నేనే చెప్తాను" అన్నాడు చివరికి.

అమ్మ వంటింట్లో పితికిపప్పు కూరకు నానిన అనపగింజలను తొక్కలోనుంచి పితుకుతోంది. నాయన గడప దగ్గరే నిలబడ్డాడు.

"ప్రేమా, ఆ పొద్దు బండి ఆగింది నావల్లే. నేను వేసిన స్ప్రింగులే చెడగొట్టినాయి."

అమ్మ తల ఎత్తలేదు. "స్ప్రింగుల సంగతి నాకేం తెలుసు? బండి అన్నాక ఆగుతాది. బండి మీద నాకేం కోపం?"

"మరి?"

"మనం ఆడ నిలబడి ఉండంగానే సామల్పట్టి మీద పోయే ఊత్తంగరై బస్సు వచ్చింది. ఎక్కుదాం అన్నాను. ఐదు నిమిషాలు, అయిపాయ అన్నావు. ఇంకో బస్సు వచ్చింది. నువ్వు బానెట్లోనుంచి తలే ఎత్తలేదు. ఆ రెండో బస్సు ఎక్కినా మా అమ్మను చూసుండేదాన్ని."

నాయన అక్కడే కూలబడ్డాడు. తప్పు ఎక్కడుందో కనిపెట్టేశాననుకున్న నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అమ్మ మాత్రం గింజలు పితుకుతూనే ఉంది.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. నాయన శూళగిరి దాకా ఒక్కడే పోయి వచ్చాడు, ఒకసారి కాదు, వారం పొడుగునా. ఎక్కడా దగ్గలేదు. ఆ తర్వాతి ఆదివారం ఉదయం కారు తెచ్చి వాకిట్లో నిలిపాడు. సామల్పట్టికి పోదామా అని అమ్మను అడిగాడు. చెప్పడం కాదు, అడగడం. అమ్మ చీర మార్చుకుని వచ్చింది గానీ కారు తలుపు దగ్గరే ఆగిపోయింది.

నాయన డిక్కీ తెరిచి స్పానర్ల పెట్టె బయటికి తీసి నా చేతికిచ్చాడు.

"ఇది ఇంట్లో పెట్టమ్మా."

"దారిలో ఏమన్నా అయితే?" అన్నాను.

"అయితే బస్సుకు చెయ్యెత్తుతాను."

అమ్మ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.