కర్టెన్ మడతల్లో దూది

వీధి వాళ్లు ఆవిడను ఫినాయిల్ పిన్ని అనేవారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. వాళ్లను తప్పుపట్టలేం. నేలకో మందు, గిన్నెలకో మందు, ఆఖరికి తలుపు గొళ్లేలకు కూడా ఒకటి. క్రిములను చంపుతుందని సీసా మీద రాసి ఉంటే చాలు, కొనేసేది.

ఇదంతా పిన్ని వాళ్ల అక్క పెంపకం. అక్క ఎవరింటికెళ్లినా గుమ్మంలో ఆగి గాలి పీల్చేది. మందు వాసన వస్తేనే లోపలికి అడుగు, లేకపోతే పలకరింపు వీధిలోనే. అలాంటి అక్క చెల్లెలింటికి రావడం మానేసి ఏళ్లయింది. రమ్మంటే ఏదో సాకు. తన శుభ్రం అక్క కంటికి ఆనలేదని పిన్నికి బెంగ. ఆ బెంగతోనే సీసాలు పెరిగాయి.

కోడలికి ఊరి మురుగునీటిని శుభ్రం చేసే చోట ఉద్యోగం. కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్త చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"అక్కడ తొట్లలో మన మురుగును తినిపెట్టేది క్రిములే అత్తయ్యా. మీ మందు వాటినీ చంపేస్తోంది. మిగిలిన మందు ఏట్లోకి పోతుంది. చేపలకు వేరే నీళ్లు ఎక్కడున్నాయి?"

పిన్ని మూతి ముడుచుకుంది. చివరికి కోడలు ఏటి దగ్గరికి తీసుకెళ్లి చచ్చి తేలిన చేపలను చూపించాక మెత్తబడి, ఇక చుక్క మందు కూడా కాలవలో పోయనని చేతిలో చెయ్యేసి చెప్పింది. మామూలు సబ్బుతోనే ఇల్లు అద్దంలా ఉంది.

సరిగ్గా అప్పుడే అక్క ఫోను, రేపొస్తున్నానని. పిన్ని ఇరకాటంలో పడింది. మాట తప్పకూడదు, అక్క గుమ్మంలోంచి తిరిగిపోకూడదు. బాగా ఆలోచించి, దాచిన ఒక్క సీసా తీసి, దూది ముంచి కర్టెన్ మడతల్లో దూర్చింది. కాలవలో పోయనన్నాను గానీ కర్టెన్లలో పెట్టనన్నానా అని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

అక్క వచ్చింది. గుమ్మంలో ఆగి గాలి పీల్చింది. మొహం మాడ్చుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"చాల్లేదా అక్కా? ఉండు, ఇంకాస్త వేస్తాను."

"ఒసే, ఆగవే," అంది అక్క ముక్కు మూసుకుని. "ఆ వాసన నాకు పడక చాలా కాలమైంది. ఊపిరాడదు. నేర్పిందాన్ని నేనే, మానెయ్యమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే రావడం మానుకున్నాను. ఇన్నాళ్లకు నిన్ను చూడాలనిపించి ఉండబట్టలేక వచ్చాను."

పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కర్టెన్లు పీకి బకెట్ దగ్గరికి పరిగెత్తింది. కోడలు అడ్డం నిలబడింది.

"ఉతికితే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి అత్తయ్యా?"

దూదిని సంచిలో కట్టేశారు, కర్టెన్లను డాబా మీద గాలికి ఆరేశారు, కిటికీలన్నీ బార్లా తెరిచారు. కాసేపటికి అక్క లోపలికొచ్చి నిండుగా ఊపిరి పీల్చింది.

"ఏ వాసనా లేదే," అంది. పిన్ని బిక్కచచ్చిపోయి చూసింది. "ఎంత హాయిగా ఉందే. అమ్మాయీ, కారులో నా పెట్టె ఉంది, తెప్పించు. ఎందుకైనా మంచిదని దింపలేదు."

"ఎన్నాళ్లుంటావక్కా?" అని అడుగుతూనే పిన్ని కారు దగ్గరికి నడిచింది.

ఆ పెట్టెను దించడానికి అత్తాకోడళ్లిద్దరూ చెరోవైపు పట్టాల్సి వచ్చింది.