గీత పెట్టిన ప్లగ్గులు

యాభై ఎనిమిదేళ్లు వచ్చి, మీసం సగానికి పైగా నెరిసినా అందరూ ఆయన్ని చిన్న మేస్త్రి అనే పిలుస్తారు. పెద్ద మేస్త్రి వాళ్ల అన్నయ్య. ఆయన పోయి పన్నెండేళ్లు. కార్ల పనిలో చిన్న మేస్త్రిది తిరుగులేని చెయ్యి. ఒక్క స్పార్క్ ప్లగ్గుల దగ్గరే తేడా. "ఏ రకం వెయ్యాలో మీరే చూసి తెచ్చుకోండి, బిగించి పెడతా," అంటాడు. ఇంజను మొత్తం విప్పి పరిచేవాడు వేలెడంత ప్లగ్గుకి జంకడమేమిటని బండ్లవాళ్లు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్లకేం తెలుసు గనక.

ఆ పొద్దున వదిన ఫోను చేసింది.

"మీ అన్నయ్య కారు బయటికి తియ్యాలి. అమ్మాయికి కొండమీద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నాన్న కారులోనే వెళ్తానని భీష్మించుక్కూర్చుంది. ఆ కారుమీద పరాయి చెయ్యి పడటం నాకిష్టం లేదు. నువ్వే రా."

పన్నెండేళ్లుగా ఆ గడప తొక్కని మనిషి, కాదనలేక, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

పెరట్లో రేకుల షెడ్డు. తలుపు తీయగానే గ్రీజు వాసనతో పాటు అన్నయ్య వాడే సబ్బు వాసన కూడా గుప్పుమంది. పన్నెండేళ్లు ఏ సబ్బు వాసన నిలుస్తుందండీ, కానీ ఆయనకి వచ్చింది. వెనకభాగం నలిగిపోయిన ఆ పాతకాలపు కారు దుప్పటి కింద ఉంది. దుప్పటి లాగాడు. డ్రైవరు సీటు అన్నయ్య పొడుగు కాళ్లకి తగ్గట్టు వెనక్కి జరిపి ఉంది. అద్దం కూడా ఆయన ఎత్తుకే తిప్పి ఉంది. చిన్న మేస్త్రి ఆ అద్దంలోకి చూడకుండా తల దించుకుని ముందుకెళ్లాడు.

"ముందు ప్లగ్గుల మొహం చూడరా. ఇంజను సంగతంతా అవే చెబుతాయి," అన్నట్టు వినిపించింది. పని నేర్పిన రోజుల్లో అన్నయ్య రోజుకి పదిసార్లు అనే మాట.

వాటి మొహం చూడాల్సి వస్తుందనే ఇన్నేళ్లూ ఆయన ఈ ఛాయలకి రాలేదు.

అప్పట్లో అన్నయ్య ఈ కారుని ఇంటికీ కొట్టుకీ మధ్యే తిప్పేవాడు. చిన్నచిన్న దూరాలకి ఇంజను సరిగ్గా వేడెక్కక ప్లగ్గులు మసి పట్టేవి. దీనికని చేసిన అసలు ప్లగ్గుల తయారీ ఆగిపోయింది. చిన్న మేస్త్రి మర లావూ, మర పొడవూ కొలిచి, సరిపోయేవాటిలో హాట్ ప్లగ్గులు ఏరి తెచ్చాడు. అవి వేడిని పట్టి ఉంచుతాయి, మసిని తామే కాల్చేసుకుంటాయి. ఊళ్లో తిరిగే బండికి అంతకంటే మంచివి లేవు. "నా అంతటి నేనే ఎంచానన్నయ్యా," అని తల ఎగరేసి తనే బిగించాడు. అన్నయ్య భుజం తట్టాడు. నాలుగో రోజున ఉన్నట్టుండి అన్నయ్యకి కొండ దారిలో ప్రయాణం తగిలింది, తమ్ముడికి తెలిసేలోపే బయల్దేరాడు. గంటల తరబడి ఎత్తు ఎక్కే బండికి హాట్ ప్లగ్గు పనికిరాదు. నిప్పులా కాలి, ఇంజనుని అదను తప్పించి మండిస్తుంది. కారు మలుపులో ఆగిపోయింది. వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది.

ఎందుకు ఆగిందో ఎవరూ అడగలేదు. లారీ గుద్దాక ఆ ప్రశ్నతో ఎవరికి పని? చిన్న మేస్త్రి మాత్రం ఆ రోజునుంచీ ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోలేదు. ప్లగ్గు కొస అతిగా కాలి తెల్లగా పొక్కిపోయి ఉంటే అన్నయ్యని చంపింది తన చెయ్యే.

బానెట్ ఎత్తాడు. మొదటి ప్లగ్గుకి పానా తగిలించాడు. రెండు చేతులూ వేసి తిప్పితే కిర్రుమని వదిలింది. బయటికి తీసి, కళ్లు మూసుకుని, తెరిచాడు.

నల్లగా ఉంది. కొస మొత్తం మసి.

రెండోదీ అంతే, మూడోదీ, నాలుగోదీ. నాలుగింటి తలలమీదా ఆకురాయితో గీసిన అడ్డగీత ఉంది. పారేయాల్సిన ప్లగ్గుకి అలా గీత పెట్టడం చిన్న మేస్త్రి అలవాటు, మళ్లీ పొరపాటున బండిలోకి ఎక్కకూడదని. తను పీకి, తనే గీత పెట్టి, చెత్తడబ్బాలో పడేసిన పాత ప్లగ్గులివి. ఇక్కడికి ఎలా వచ్చాయి?

గుమ్మంలో అడుగుల చప్పుడయింది. వదిన. చేతిలో చిన్న అట్టపెట్టె.

"వీటికోసమేగా వెతుకుతున్నావు," అంది.

పెట్టెలో ఆయన తెచ్చిన హాట్ ప్లగ్గులు నాలుగూ ఉన్నాయి.

"బయల్దేరే ముందు మీ అన్నయ్యే మార్చాడు," అంది వదిన. "ఇవి కొండకి తట్టుకోవు, తిరిగొచ్చేదాకా పాతవే నయం అన్నాడు. తమ్ముడికి చెప్పకు, ప్లగ్గులు ఎప్పుడూ నేనే ఎంచేవాణ్ణి, మొదటిసారి వాడు సొంతంగా ఎంచాడు, తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు అన్నాడు. చెప్పలేదు. తర్వాత నువ్వు రావడం మానేశావు. తెలిసిపోయి కోపం వచ్చిందనుకున్నా."

చిన్న మేస్త్రి కారు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా గుండెలమీద ఉన్న బండ దిగిపోయింది. తన ప్లగ్గులు కాదు. తన చెయ్యి కాదు. ఊపిరి నిండా పీల్చుకోబోయి మధ్యలో ఆగిపోయాడు. అయితే బండిని ఎత్తుమీద ఆపేసింది ఈ మసి పట్టిన పాత ప్లగ్గులే. ఆ రోజు కొట్టు అలమరలో, తను తెచ్చి అన్నయ్యకి ఇంకా చూపించని, వేడిని వెంటవెంటనే వదిలేసే కోల్డ్ ప్లగ్గులు రెండు సెట్లున్నాయి. కొండ దారికి సరిగ్గా కావలసినవి. ఒరేయ్, నీ ఎంపిక తప్పురా అని అన్నయ్య ఒక్క కేక వేసి ఉంటే పరుగున తెచ్చి బిగించేవాడు. కనీసం వదిన అయినా ఫోను చేసి ఉంటే.

వదిన కొంగు నలుపుతోంది.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. ఆ పొద్దున నేను నీకు చెప్పి ఉంటే ఏమన్నా ఒరిగేదా? ఇన్నేళ్లూ ఇదే నన్ను తినేస్తోంది."

ఆవిడ కళ్ల కింద నల్లటి గుంతలు ఆయన అప్పుడే చూశాడు. ఆవిడకీ నిద్ర లేదు.

"లేదు వదినా," అన్నాడు. "నువ్వు చెప్పినా చేయగలిగిందేమీ లేదు. దీనికి పట్టే కోల్డ్ ప్లగ్గులు అప్పట్లో ఎక్కడా దొరికేవి కావు. ఈమధ్యే వస్తున్నాయి."

వదిన అక్కడే గట్టుమీద కూలబడి ఏడ్చింది. కాసేపటికి మొహం తుడుచుకుని, "లోపలికి రా, టీ పెడతాను," అంది. "ఇకనుంచైనా వస్తూ పోతూ ఉండు. అమ్మాయికి చిన్నప్పట్నుంచీ నువ్వంటే ప్రాణం."

"వస్తాను వదినా," అన్నాడు.

సంచీలో ఎప్పుడూ ఉండే ప్లగ్గుల్లోంచి కోల్డ్ ప్లగ్గులు తనే ఏరి తీసి, మర పొడవు రెండుసార్లు కొలిచి, ఒక్కొక్కటే బిగించాడు. ఎవరినీ అడగలేదు. ఇక వస్తూ పోతూ ఉండాలి. వచ్చినప్పుడల్లా ఆవిడ అదే అడుగుతుంది, తను అదే అబద్ధం చెప్పాలి.