నాగభూషణం గారి వర్ణాలు

రాజమండ్రి వైణికుడు నాగభూషణం గారు కట్టిన వర్ణాలంటే అరుంధతికి ప్రాణం. దుర్గాంబ గారి దగ్గర వీణ నేర్చుకున్నది వాటితోనే. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, అక్కడి ద్వారక కాలనీలో కాపురం ఏర్పడ్డాక, తన దగ్గరికొచ్చే పిల్లలకు ఆ పుస్తకం ఇద్దామంటే బజారులో ఎక్కడా దొరకలేదు. మద్రాసు ప్రచురణకర్తలు దాన్ని వేయడం మానేసి చాలా కాలమైంది. తన ప్రతిలోని స్వరాలన్నీ ఆమె ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. కూతురు వైశాలి వాటికో వెబ్‌సైట్ చేసింది. వరంగల్ నుంచి సింగపూర్ దాకా ఎవరెవరో దించుకుని, దండాలు పెడుతూ ఈమెయిళ్ళు రాశారు.

ఆ ఈమెయిళ్ళ మధ్యే ప్రచురణకర్తల నోటీసు వచ్చింది. కాపీరైటు తమదనీ, వెంటనే తీసేయకపోతే కోర్టుకెక్కుతామనీ.

భర్త రఘురామ్ బెంబేలెత్తిపోయాడు. "గవర్నమెంటు ఉద్యోగంలో ఉండి మనకీ కోర్టుల గోలెందుకే? తీసెయ్."

తీసేసింది. తీసేసినా మనసు ఊరుకోలేదు. చట్టం తెప్పించుకుని చదివింది. రచయిత పోయాక అరవై ఏళ్ళకు హక్కు తీరిపోతుంది. నాగభూషణం గారు పోయింది 1939లో. అంటే ఆ వర్ణాలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి.

కానీ తన ప్రతి పంతొమ్మిది వందల అరవైల్లో అచ్చయినది. అందులో గమకాల గుర్తులూ, వివరణలూ పరిష్కర్త చేర్చినవి, వాటి మీద హక్కు ఇంకా తీరలేదు. వాటిని కూడా ఆమె ఎక్కించేసింది.

"వాళ్ళన్న దాంట్లో సగం నిజమే, వైశూ. ఆ గుర్తులు మనవి కావు" అంది.

"తో ఫస్ట్ ఎడిషన్ ఢూండో, మమ్మీ. ఆ గుర్తుల్లేని పాత పుస్తకం దొరికితే అందులోంచి మళ్ళీ టైప్ చేద్దాం."

అరుంధతి తనకు ఈమెయిల్ రాసిన వాళ్ళందరినీ అడిగింది. బందరు నుంచి అనసూయ అనే ఆవిడ జవాబిచ్చింది. వాళ్ళ తాతగారు నాగభూషణం గారి శిష్యుడట. ఆయన దాచుకున్న మొదటి ముద్రణను పేజీ పేజీ ఫోటో తీసి పంపింది.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ, శహన రాగంలోని వర్ణం దగ్గర అరుంధతి ఆగిపోయింది. పాత పుస్తకంలో చరణం చివర మరో పెద్ద స్వరం, వరసలకు వరసలు సాగే కూర్పు, ఉంది. తర్వాతి ముద్రణలో అది లేనేలేదు. వీణ తీసి మెల్లగా మీటి చూసింది. ఇన్నేళ్ళూ ఆ వర్ణం ఎందుకో తొందరగా ముగిసిపోయినట్టుండేది. ఇప్పుడు నిండుగా వచ్చి షడ్జం మీద నిలిచింది. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

ఫిబ్రవరిలో ప్రగతి మైదాన్‌లో పుస్తక మేళా పెట్టారు. ఆ ప్రచురణకర్తలదీ ఒక స్టాలుంది. అరుంధతి తన కొత్త ప్రతిని అచ్చు తీసుకుని, వైశాలితో మెట్రో ఎక్కింది. "నేను దూరంగా నిలబడతాను" అంటూ రఘురామ్ కూడా వచ్చాడు.

స్టాలు యజమాని రాజగోపాల్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. "హక్కులు మా తాతగారు రొక్కమిచ్చి కొన్నారమ్మా" అన్నాడు.

"కొన్న హక్కుకైనా గడువు అదేనండీ. అది తీరిపోయింది. మీ పరిష్కర్త గారి గుర్తులు నేను వాడటం తప్పే. ఇందులో అవి ఒక్కటీ లేవు, చూడండి" అంది అరుంధతి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు తిరగేశాడు. శహన దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఈ స్వరమేంటి?"

"మీ ముద్రణలో జారిపోయిందండీ."

ఆయన పెదవి కదిపి పాడుకుంటూ పోయాడు. స్టాలు ముందు నడిచేవాళ్ళు ఆగారు. గొంతు పెంచి ఆ స్వరం చివరిదాకా పాడాడు. అరుంధతి తాళం వేసింది. పక్క స్టాలులో పుస్తకం తిరగేస్తున్నట్టు నటిస్తున్న రఘురామ్ దాన్ని అక్కడే పెట్టేసి దగ్గరికొచ్చాడు.

రాజగోపాల్ కళ్ళజోడు తీశాడు. "నోటీసు వెనక్కి తీసుకుంటామమ్మా. రాతలోనే ఇస్తాను" అని కాస్త తటపటాయించి, "పుస్తకం మళ్ళీ వేద్దామనుకుంటున్నాం. ఈ స్వరం చేర్చుకోవడానికి మీరు అనుమతిస్తారా?" అని అడిగాడు.

"నా అనుమతెందుకండీ? అది నాగభూషణం గారిది. ఇప్పుడు అందరిదీ" అంది అరుంధతి.

వారం తిరక్కుండా వెబ్‌సైట్ మళ్ళీ తెరుచుకుంది. మొదటి పేజీలో అనసూయ గారి తాతగారి పేరు పెట్టించింది. ఉగాదికి ఢిల్లీ తెలుగువాళ్ళ సభలో ఆమె శిష్యులంతా వరసగా కూర్చుని శహన వర్ణం పూర్తిగా వాయించారు. చివరి స్వరం ఎత్తుకోగానే ముందు వరసలోంచి రఘురామ్ గట్టిగా "శభాష్" అన్నాడు.