తొట్టి అడుగున ఇత్తడి చెంచా

కోసిన ఆకును కడిగే తొట్టిలో వేసే ముందు ముసలి పిల్‌నమ్ ఇత్తడి చెంచాను నీళ్ళ అడుగున పెట్టింది. నీటిమడుల్లో పెంచే మినారి ఆకుకూర కాడల్లో దాక్కున్న జలగలు ఇత్తడి వాసనకు బయటికొచ్చి చెంచాను పట్టుకుంటాయని అత్తల కాలం నాటి పద్ధతి. బోరు నీళ్ళు వచ్చాక మడుల్లో జలగలు కనబడటం మానేశాయి. ఆవిడ మాత్రం చెంచా పెట్టడం మానలేదు.

"జలగలే లేవు కదమ్మా, ఎవరికోసం ఆ చెంచా?" అంది పక్కన ఆకు కట్టలు కడుతున్న యోన్‌జు.

"నీ నోటికి అడ్డం పెడదామని."

షెడ్డులో అందరూ నవ్వారు. పిల్‌నమ్ నవ్వలేదు. తెల్లారగట్ల నుంచి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆకు కోసింది; వంగిన నడుము వంగినట్టే ఉంది. వేళ్ళు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. మొదళ్ళు బురదలో పదిలంగా వదిలి వచ్చింది. మొదలు బతికి ఉంటే మళ్ళీ ఏడాదీ అదే చిగురిస్తుంది.

ఆ చెంచా, తను అక్కా అని పిలిచే దోక్‌సిమ్‌ది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే తొట్టి దగ్గర కూర్చుని ఆకు కడిగేవాళ్ళు.

వాగుల్లో పుట్టే విషమినారి చూడ్డానికి అచ్చం మంచి మినారిలాగే ఉంటుంది. దుంప కోస్తేగానీ తేడా తెలియదు. విషపుదానికి లోపల వెదురుబొంగులా గదులుంటాయి. ఆకు గుర్తుపట్టడంలో పిల్‌నమ్ మాటకు తిరుగులేదని ఊళ్ళో పేరు. ఆ పేరు తలకెక్కింది. ఎన్నో ఏళ్ళ కిందట ఒక వసంతంలో, సంతరోజున, దోక్‌సిమ్ గంపలో దుంపతో సహా వచ్చిన లావుపాటి కాడ ఒకటి కనబడగానే, దుంప కోసి చూడకుండానే, "ఇది తిన్నవాళ్ళు పొద్దున లేవరు" అని అందరి ముందూ గంపను కాలవలో కుమ్మరించింది.

సాయంత్రం మనసాగక కాలవ గట్టున చిక్కుకున్న ఆ మొక్కను తీసి దుంప కోసింది. గదులు లేవు. నీడలో ముదిరిన మంచి మినారి. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు సంత లేదు. పై సంతకి నోరు రాలేదు. దోక్‌సిమ్ ఆకు ఇక ఎవరూ కొనలేదు. ఆవిడ మడి అమ్ముకుని పళ్ళ తోటల్లో కూలికి పోయింది. చెంచా కోసం కూడా ఇటు రాలేదు.

"దోక్‌సిమ్ అవ్వని ఇవాళ దేగు పట్నంలో ముసలివాళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళిపోతున్నారట," అన్నాడు పిల్‌నమ్‌తో, ఆకు తీసుకెళ్ళడానికి షెడ్డుకు వచ్చిన వ్యాను డ్రైవరు.

పిల్‌నమ్ చెంచా తీసుకుని తడి బూట్లతోనే దోక్‌సిమ్ ఇంటికి నడిచింది.

దోక్‌సిమ్ అరుగు మీద కూర్చుని ఉంది. మేనల్లుడు దుప్పటి మూటను కారులో పెడుతున్నాడు.

"అక్కా, ఆ రోజు నీ గంపలోది మంచి ఆకే."

"నా మడిలో ఏం పుట్టిందో నాకు తెలీదా?"

"తప్పు నాది."

"అదీ తెలుసు. సంతలో అన్నదానివి, సంతలో చెప్పాల్సింది. నాకొచ్చి చెప్తే నాకేం కొత్త?"

దోక్‌సిమ్ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది పిల్‌నమ్‌కు. చెంచా చాపింది.

"అక్కడ గంజి వాళ్ళే నోట్లో పెడతారట. ఇదెందుకు నాకు? బూటు చిరిగింది, చూసి నడువు."

మేనల్లుడు చెయ్యి ఆసరా ఇచ్చి ఆవిడను కారెక్కించాడు. కారు మలుపు తిరిగేదాకా పిల్‌నమ్ అక్కడే నిలబడింది.

షెడ్డుకు తిరిగొచ్చి, గుమ్మంలోనే ఆగి, గట్టిగా చెప్పింది. "దోక్‌సిమ్ అమ్మిన మినారి మంచిదే. విషమని నేనే తప్పు చెప్పాను. అందరూ వినండి."

చేతులు ఆగాయి. ఆనాటి సంతలో ఉన్నవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. చాలామంది ఎప్పుడో కొండ మీద సమాధులకు చేరారు.

"దోక్‌సిమ్ ఎవరమ్మా?" అని యోన్‌జు మెల్లగా అడిగింది.

పిల్‌నమ్ తన చోట కూర్చుని, చెంచాను నీళ్ళలోకి వదిలి, మిగిలిన ఆకు అందుకుంది. పని ముగిసి అందరూ వెళ్ళిపోయాక కూడా చెంచా తొట్టి అడుగునే పచ్చగా మెరుస్తూ ఉంది. దాన్ని ఒక్క జలగా పట్టుకోలేదు.