మెట్‌కాఫ్ దాచిన చీటీ

లీడ్స్ రైలు నాలుగూ ముప్ఫై అయిదుకి. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. ఎనిడ్ సగ్డెన్‌ను ఆపడానికి ఎడ్విన్ మెట్‌కాఫ్‌కు ఇక మిగిలింది రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

ఆమె పెట్టె తలుపు పక్కనే ఉంది. తోలు పట్టీ బిగించి, పైన టోపీ పెట్టింది. లీడ్స్‌లో రైలు మారి విట్బీ వెళ్తుంది. అక్కడ సముద్రం ఒడ్డున వాళ్ళక్క అతిథిగృహం నడుపుతోంది. ఇక అక్కడే ఉండిపోతుంది.

స్కిప్టన్ బజారు వీధిలో ఇనుప సామాన్ల కొట్టు పైన రెండు గదులు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదుల్లో ఇద్దరూ కలిసి ఒకే పుస్తకం తయారుచేస్తున్నారు. ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే ఇంగ్లీషు మాటల మధ్య తేడాలు చెప్పే నిఘంటువు అది. దాదాపు అయిపోయింది. ప్రూఫులు చూడ్డానికి ఒక్కరు చాలని ప్రచురణకర్త ఉత్తరం రాశాడు. చదివిన మర్నాడే ఎనిడ్ రాజీనామా ఇచ్చేసింది.

మిగిలింది నాలుగు మాటలు. లాక్ (lack), నీడ్ (need), వాంట్ (want), మిస్ (miss). నాలుగూ ఏదో ఒకటి లేకపోవడం చుట్టూ తిరిగేవే. కష్టమని చివరిదాకా వాయిదా వేశారు.

"మొదలుపెడదామా మిస్టర్ మెట్‌కాఫ్? నాకు రైలుంది," అంది ఎనిడ్, పెన్సిల్ చెక్కుతూ.

ఎడ్విన్ గొంతు సవరించుకున్నాడు. రాత్రంతా సిద్ధం చేసుకున్న మాట. "మీరు వెళ్ళిపోతే ఈ ఆఫీసుకి పెద్ద లోటు, మిస్ సగ్డెన్."

"బాగుంది. ఇది లాక్." ఆమె చేయి వెంటనే నీలం చీటీ అందుకుంది. "కుర్చీకి ఒక కాలు లేకపోయినా లోటే. ఆ సంగతి కుర్చీకి తెలియక్కర్లేదు. తర్వాత?"

ఎడ్విన్ లోపల్లోపల తిట్టుకున్నాడు. తప్పు తనదే.

ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. ఎడిటరు సొంతంగా అల్లిన వాక్యం నీలం చీటీ మీద రాయాలి. లోకంలో ఎవరో నిజంగా అన్న వాక్యం తెల్ల చీటీ మీద. దాని కింద ఎవరన్నారు, ఎవరు విన్నారు, ఎక్కడ, ఏ తేదీన అన్నది ఉండాలి. తెల్ల చీటీలు మూడుంటే తప్ప ఏ తేడానీ పుస్తకంలోకి ఎక్కించరు. అనేవాళ్ళకు తమని పరీక్షిస్తున్నట్టు తెలియకూడదు. అందుకని ఇద్దరూ కసాయి కొట్లో, బస్సులో, చర్చి మెట్ల మీద జనాన్ని కబుర్లలోకి దింపి మాటలు రాబట్టేవారు. ఒకరి మీద ఒకరు కూడా ప్రయోగించుకునేవారు.

తొమ్మిదేళ్ళ క్రితం ఎడ్విన్ హద్దు దాటాడు. తన కుక్కకి ఒంట్లో బాగాలేదని మొహం వేలాడేసుకుని చెప్పాడు. ఆమె ఓదారుస్తూ జబ్బుకి 'ఇల్' అంటుందా 'సిక్' అంటుందా అని చూడ్డానికి. ఆ సాయంత్రం వానలో తడుస్తూ, కాగితంలో చుట్టిన ఎముక పట్టుకుని ఆమె అతని గుమ్మం ముందు నిలబడింది. ఇంట్లో కుక్క లేదు. ఎప్పుడూ లేదు.

ఆనాటి నుంచి అతను సొంత విషయం ఏది చెప్పినా ఎనిడ్ నీలం చీటీ తీస్తుంది.

"నాకు మీ అవసరం ఉంది," అన్నాడు ఎడ్విన్ మొండిగా.

"నీడ్. గొడుగు కూడా అవసరమే. వాన ఆగగానే బస్సులో మర్చిపోతారు." రాసేసింది.

"నేను నిజంగానే అంటున్నాను."

"కుక్క గురించీ అలాగే అన్నారు."

మూడూ పది. ఎడ్విన్ లేచాడు, కిటికీ దాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు. "మీరు నాకు కావాలి, మిస్ సగ్డెన్."

పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది.

"వాంట్," అంది ఆమె, తల ఎత్తకుండా. "మిఠాయి కొట్టు ముందు చిన్నపిల్లాడు కాళ్ళు నేలకేసి కొట్టినట్టుంది. మీ వయసులో ఎవరూ ఇలా అనరు. కొట్టేస్తున్నాను."

తలుపు తోసుకుని మిసెస్ క్లెగ్ టీ పళ్ళెంతో వచ్చింది. మెట్ల కింది వంటగది ఆమెది, మెట్లు ఊడ్చేదీ ఆమే. మొగుడు పోయి మూడేళ్ళు.

"ఇదిగో నాయనా, టీ. ఏంటా మొహం? చెప్పులు చిన్నవైపోయాయా?" పళ్ళెం దింపింది. "అమ్మాయ్, ఇది తిను. పొద్దున పంది మాంసం కూరి కాల్చిన రొట్టె. మొత్తం నీకే, రైల్లోకి."

"మొత్తం ఎందుకండీ? మీకు ఉంచుకోండి."

"నాకొద్దమ్మా. మా ఆల్బర్ట్ ఉన్నప్పుడు ఈ రొట్టె చల్లారనిచ్చేవాడా? కిటికీలో పెట్టగానే వచ్చి అంచు గిల్లేవాడు. ముప్ఫై ఏళ్ళు తిట్టాను ఎలక అని. ఇప్పుడు అంచు చుట్టూ ఒక్క గీత లేకుండా ఉంటోంది. చూస్తే ఒళ్ళు మండిపోతోంది. ఆ గిల్లుడు మిస్ అవుతున్నానంటే నమ్ముతావా?"

రెండు చేతులు ఒకేసారి తెల్ల చీటీల పెట్టె మీద పడ్డాయి. ఎడ్విన్ వేళ్ళ కింద ఎనిడ్ వేళ్ళు. ఆమె గబుక్కున చీటీ లాక్కుని బల్ల కింద రాసుకుంది. మిసెస్ క్లెగ్ చూడలేదు, కిందికి వెళ్ళిపోయింది.

ఎనిడ్ కళ్ళు మెరుస్తున్నాయి. "దొరికింది! మిగతా మూడింటికీ ఆ వస్తువు ఒకప్పుడు మనదై ఉండక్కర్లేదు. మిస్‌కి ఉండాలి. ఉన్నప్పుడు విసుగు కూడా పుట్టించి ఉండొచ్చు. పోయాక ఆ ఖాళీకి దాని ఆకారమే ఉంటుంది." వెంటనే మొహం వాడిపోయింది. "కానీ చీటీ ఒక్కటే. ఇంకో రెండు కావాలి. అవి మీరు వెతుక్కోండి. నాలుగవుతోంది."

ఆమె టోపీ పెట్టుకుని పిన్ను గుచ్చుకుంది.

ఎడ్విన్ కోటు లోపలి జేబులో చేయి పెట్టాడు. ఎనిమిది వారాలుగా అక్కడే ఉంది. మడత దగ్గర మాసిపోయింది. తీసి బల్ల మీద పెట్టాడు.

తెల్ల చీటీ.

ఆమె అనుమానంగా చూసింది. నిలబడే చదివింది. 'రెండు వారాలుగా నేను ఏం చెప్పినా అదే ఒప్పయిపోతోంది. తప్పని చెప్పే మనిషిని మిస్ అవుతున్నాను.' అన్నది: ఎ. మెట్‌కాఫ్. విన్నది: మిసెస్ క్లెగ్. స్థలం: కింది వంటగది. తేదీ: ఆగస్టు పద్నాలుగు.

ఆగస్టులో ఆమె సెలవు మీద విట్బీలో ఉంది.

"మిసెస్ క్లెగ్!" ఎనిడ్ మెట్ల పైనుంచి పిలిచింది. తెల్ల చీటీని విన్నవాళ్ళతో సరిచూడాలన్నది కూడా నియమమే. "ఆగస్టులో ఈయన మీతో నా గురించి ఏమైనా అన్నారా?"

"అనకేం?" మిసెస్ క్లెగ్ ఆయాసపడుతూ పైకొచ్చింది. "గిన్నెలు కడుక్కోనివ్వలేదు. తప్పు పట్టేవాళ్ళు లేరు, మిస్ అవుతున్నానని ఒకటే గోల. తన తప్పులు నన్ను పట్టమన్నాడు. నాకెలా తెలుస్తుందయ్యా నీ తప్పులు, అన్నాను."

ఎనిడ్ నెమ్మదిగా ఎడ్విన్ వైపు తిరిగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. "తెల్ల చీటీని ఎనిమిది వారాలు జేబులో దాచారా? ఈ ఆఫీసులో ఇంతకంటే పెద్ద నేరం ఉందా?"

"లేదు," అన్నాడు ఎడ్విన్.

"సిగ్గులేదూ!"

"ఉండబట్టే దాచాను."

నాలుగూ పన్నెండు. స్టేషనుకి నడిస్తే పావుగంట. ఎనిడ్ పెట్టె వైపు చూసింది, చేతిలో చీటీ వైపు చూసింది. తర్వాత అతనికి పూర్తిగా వీపు తిప్పి మిసెస్ క్లెగ్‌కి ఎదురుగా నిలబడింది.

"మిసెస్ క్లెగ్, మీకొకటి చెప్పాలి. విట్బీలో ఉండగా రోజూ పొద్దున్నే పేపర్లో ఒక తప్పు మాట దొరికేది. పెన్సిల్‌తో గీత గీసి పక్కకి తిప్పి చూపించబోయేదాన్ని. పక్కన మా అక్క ఉండేది. గుడ్డు తింటూ." ఆమె చీటీని మడత మీద మడత పెట్టింది. "ఆ పక్కనుండే మనిషిని చాలా మిస్ అయ్యాను. కుక్క లేని మనిషిని."

"అయ్యో పిచ్చితల్లీ," అంది మిసెస్ క్లెగ్. "ఈ మాట నాకెందుకమ్మా చెప్పడం? అతనికి చెప్పరాదూ?"

"ఆయన ఎదురుగా చెప్తే నీలం చీటీ తీస్తారు."

వెనక ఎడ్విన్ అప్పటికే రాస్తున్నాడు. తొందరలో సిరా ఒలికింది. మూడో చీటీ.

ఎనిడ్ టోపీ పిన్ను లాగింది. టోపీ తీసి మళ్ళీ పెట్టె మీద పెట్టింది. "ప్రూఫులు ఒక్కరు చూస్తే సగం తప్పులు అలాగే ఉండిపోతాయి. ప్రచురణకర్తకి ఆ మాత్రం తెలియదా? అక్కకి తంతి ఇస్తాను." అతని భుజం మీంచి వంగి చీటీ చూసింది. "ఏం రాశారు? 'విన్నది: మిసెస్ క్లెగ్.' తప్పు."

"తప్పా?" అన్నాడు ఎడ్విన్. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తలెత్తాడు.

"తప్పే. సరిగ్గా రాయండి. విన్నది ఇద్దరు."