జనవరి ఎండ

రష్యా ఉత్తర కొసన ఉన్న ముర్మాన్‌స్క్‌లో నెలన్నరగా సూర్యుడు మొహం చూపించలేదు. ఆ మధ్యాహ్నం ఊరి చివర కొండ ఎక్కితే కనిపిస్తాడని జనమంతా బయల్దేరుతున్నారు. రిమ్మా మాత్రం వంటింటి బల్ల దగ్గర నుంచి కదల్లేదు. చలికాలం మొదట్లో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఆమె గడప దాటలేదు. ఎముక అతుక్కుంది గానీ భయం వదల్లేదు.

భర్త యెఫీమ్ అప్పటికే బూట్లు తొడుక్కున్నాడు. "రా, రిమ్మా. పెళ్ళయ్యాక ఒక్క ఏడూ మానలేదు మనం."

"డాక్టరమ్మ ఏం చెప్పింది? ఏప్రిల్ దాకా మన ఎండలో విటమిన్ డి పుట్టదట. చుక్కల మందే దిక్కట. ఆ ఉత్త ఎండ కోసం రెండో చెయ్యి కూడా విరగ్గొట్టుకోనా?"

"రోజూ నడవమని కూడా చెప్పింది."

"నాకు వినపడలేదు."

"నీకు పనికొచ్చేవే వినపడతాయి," అని యెఫీమ్ టోపీ పెట్టుకున్నాడు. "నేను వెళ్తున్నా. ఎలా ఉన్నాడో వచ్చి చెప్తాలే."

తలుపు పడింది. ఇంతకాలంలో అతను ఒక్కడే వెళ్ళడం ఇదే మొదటిసారి. రిమ్మాకు ఉక్రోషం వచ్చింది. వెన్న రాసిన రొట్టె ముక్క కొరికి, చెంచాలో మందు చుక్కలు వేసుకుని మింగింది. ఇవీ ఒక మందేనా, రుచీ పచీ లేదు. చిన్నప్పుడు చేపనూనె మింగాలంటే పిల్లలంతా ముక్కు మూసుకుని ఏడ్చేవాళ్ళు.

ఆ రోజుల్లో చలికాలమంతా బాలవాడిలో పిల్లలను చెడ్డీల మీద దీపం చుట్టూ నిలబెట్టేవారు. కళ్ళకు నల్లద్దాలు పెట్టి, చేతులు పట్టించి, పాటలు పాడించేవారు. నీలంగా వెలిగే ఆ దీపమే సూర్యుడి బదులని నర్సు చెప్పేది. అది వెలిగాక గదిలో ఒక ఘాటైన వాసన నిండేది. సూర్యుడి వాసన అదేననుకుంది రిమ్మా. మొదటిసారి నల్ల సముద్రానికి వెళ్ళినప్పుడు ఒడ్డున నిలబడి, "అమ్మా, ఇది అసలు సూర్యుడు కాదు, వాసన రావట్లేదు," అంది. తిరుగు ప్రయాణంలో అమ్మ ఆ మాట రైలు పెట్టెలో అందరికీ చెప్పి నవ్వించింది.

అమ్మ చేపల ఫ్యాక్టరీలో రాత్రంతా నిలబడి వచ్చేది. అయినా సూర్యుడు తిరిగొచ్చే రోజున నిద్ర మానుకుని కూతుర్ని కొండెక్కించేది. పైకి చేరాక పిల్ల మెడకు చుట్టిన ఉన్ని గుడ్డ కాస్త వదులు చేసేది. ఆ ఎండలో విటమిన్ ఉందో లేదో ఆవిడకేం తెలుసు? "మొహం చూపించు, తల్లీ. మనం ఇంకా ఇక్కడే ఉన్నామని ఆయనకు తెలియాలిగా," అనేది. అమ్మ ఇప్పుడుంటే ఎంత బాగుండేదో అనిపించి రిమ్మాకు కళ్ళు నిండాయి. ఆ చలిలో, ఆ అలసటలో అమ్మ ఏ ఏడూ మానలేదు.

లేచి వెళ్ళి కిటికీ పై రెక్క తెరిచింది. యెఫీమ్ మెట్ల ముందే నిలబడి ఉన్నాడు.

"ఇంకా వెళ్ళలేదా?"

"బస్సు రాలేదు."

బస్సు ఆగేది వీధి అవతల. "అక్కడే ఉండు, నాకు కోటు గుండీలు పెట్టుకోవడానికి టైము పడుతుంది," అంది రిమ్మా.

కొండ దారిలో ఆమె వేసిన ఒక్కో అడుగూ గండమే. యెఫీమ్ మోచెయ్యి గట్టిగా పట్టుకుని, అతన్ని తిడుతూ, మంచును తిడుతూ, చెమటలు పట్టి పైకి చేరింది. అక్కడ జనం వేడి టీ తాగుతూ, అట్లు తింటూ దక్షిణం వైపే చూస్తున్నారు. చెప్పిన వేళయింది. మబ్బు అంచు కాస్త ఎర్రబడి, మళ్ళీ బూడిద రంగుకు తిరిగింది. సూర్యుడు రాలేదు. పిల్లలు గొణిగారు, పెద్దలు గ్లాసులు సర్దుకున్నారు.

యెఫీమ్ మొహం చిన్నబోయింది. "అనవసరంగా లాక్కొచ్చాను నిన్ను. ఇంత కష్టపడి ఎక్కావు."

రిమ్మా అరచేత్తో నుదుటి చెమట తుడుచుకుంది.

"రేపు కాస్త ముందే బయల్దేరదాం," అంది. "మెల్లగా ఎక్కొచ్చు."